మా మొహబ్బత్‌కి వాంగ్మూలం ఎందుకు?

కొత్తగా పెళ్లయిన ఏ జంటనైనా చుట్టాలు అడిగే మొదటి మాట ఒకటుంది. ఎట్లా కలిశారు? ఎక్కడ చూసుకున్నారు? ముందు ఎవరు మాట్లాడారు? అడిగేవాళ్ల మొహంలో నవ్వుంటుంది. చెప్పేవాళ్ల మొహంలో సిగ్గుంటుంది. కాలేజీ క్యాంటీన్లో అనో, అక్క పెళ్లిలో వడ్డన దగ్గర అనో, ఆఫీసు బస్సులో అనో చెప్తారు. మెల్లగా అది ఇంటి కథ అయిపోతుంది. పిల్లలు పుట్టాక వాళ్లకూ చెప్పుకుంటారు.

జంటలో ఒక పేరు మాదయితే మాత్రం అదే ప్రశ్న వేరే గొంతుతో వస్తుంది. ఎట్లా కలిశారు? ఎవరు కలిపారు? వెనక ఎవరున్నారు? డబ్బెక్కడిది? చెప్పిన పేరు అసలుదేనా? పోలీసు స్టేషన్లో రైటర్ అడుగుతాడు. రిజిస్ట్రారు ఆఫీసు గేటు దగ్గర కండువాలు వేసుకున్న కుర్రాళ్లు అడుగుతారు. రాత్రి తొమ్మిదింటికి టీవీలో యాంకర్ అడుగుతాడు. మీ ఇళ్లల్లో కథగా చెప్పుకునేదాన్ని మా చేత వాంగ్మూలంగా రాయించుకుంటున్నారు.

మేం ఉర్దూలో విని తెలుగులో రాసేవాళ్లం, తెలుగులో విని ఉర్దూలో రాసేవాళ్లం. ఒక జబాన్‌లోంచి ఇంకో జబాన్‌లోకి పోయేటప్పుడు మాటలు బట్టలెట్లా మార్చుకుంటాయో డెస్కు మీద రోజూ చూస్తున్నాం. ఒకే మతం వాళ్లిద్దరు ఇల్లు విడిచిపోతే శీర్షిక 'ప్రేమజంట'. కులం వేరయి, పెద్దమనుషులు దండలు వేయిస్తే 'ఆదర్శ వివాహం'. అబ్బాయి పేరు అన్వరో అజీమో అయితే 'ప్రేమ వల'. వల వేసేది చేపలకు, పిట్టలకు. డిగ్రీ చదివి, ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై నాలుగేళ్ల మనిషిని పిట్టను చేస్తే గాని అన్వర్ వేటగాడు కాడు. మమ్మల్ని దొంగలనడానికి ముందు మీ ఆడపిల్లకు బుద్ధి లేదని అచ్చు వేస్తున్నారు. ఆ సంగతి మీ ఇళ్లల్లో ఎవరికీ కోపం తెప్పించదెందుకు?

చట్టం ఉంది గదా, దాని ప్రకారం చేసుకోండి అంటారు. చట్టం సంగతీ చూద్దాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మంచి చట్టమే. మతం మార్చుకోకుండా, ఎవరి నమ్మకం వాళ్లు ఉంచుకుని పెళ్లి చేసుకోవచ్చు. కానీ దానికి 30 రోజుల నోటీసు ఉంది. పెళ్లి చేసుకోబోయే ఇద్దరి వివరాలు ఆఫీసులో పదిమందికీ కనిపించే చోట అంటిస్తారు. ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. గుళ్లో తాళి కట్టుకునేవాళ్లకు ఇట్లాంటి నోటీసు లేదు. ఖాజీ దగ్గర నికా చదివించుకునేవాళ్లకూ లేదు. ఎవరి మతంలో వాళ్లుండి చెయ్యి కలుపుదామనుకున్నవాళ్లకే ఆ గోడ, ఆ కాగితం. ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి నాలుగు వాట్సప్ గ్రూపుల్లో వేస్తే చాలు, నెల తిరిగేలోపు పిల్ల ఏ ఊళ్లో, ఏ మేనమామ ఇంట్లో తాళం వెనక ఉంటుందో చెప్పలేం.

సరే, ఆ చట్టం వద్దు, ఇద్దరిలో ఒకరు మతం మారతారనుకుందాం. ఉత్తరప్రదేశ్‌లో 2020 నవంబరులో ఆర్డినెన్స్ వచ్చింది. 2021లో చట్టమయింది. మతం మారాలనుకుంటే 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఎందుకు మారుతున్నారో పోలీసులు విచారించాలి. 2024లో దాన్ని సవరించి శిక్షను యావజ్జీవం దాకా తీసుకుపోయారు. అదే రాష్ట్రంలో 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, ప్రత్యేక వివాహ చట్టం నోటీసు అంటించడం జంట ఇష్టం మీదే ఆధారపడాలని చెప్పింది. కోర్టు ఒక కిటికీ తీస్తే ప్రభుత్వం రెండు తలుపులు వేసింది. మతం మారకపోతే ముప్ఫై రోజుల నోటీసు, మారితే అరవై రోజుల విచారణ. ప్రేమించినవాళ్లు ఏ దారిన పోవాలి?

ఇంత హడావుడికీ ఆధారమేమిటని లోక్‌సభలో అడిగారు. 2020 ఫిబ్రవరి 4న జవాబు వచ్చింది. 'లవ్ జిహాద్' అన్న మాటకు ఇప్పుడున్న చట్టాల్లో నిర్వచనం లేదనీ, అట్లాంటి కేసేదీ కేంద్ర సంస్థల దృష్టికి రాలేదనీ రాతపూర్వకంగా చెప్పారు. చెప్పింది మా పార్టీవాళ్లు కాదు, మా బస్తీ మౌల్వీ కాదు. సికిందరాబాదు నుంచి గెలిచి, అప్పటికి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగా ఉన్న జి.కిషన్ రెడ్డిగారు. ఆ జవాబు వచ్చిన ఏడాదే, తొమ్మిది నెలలకు, ఉత్తరప్రదేశ్ ఆర్డినెన్స్ వచ్చింది. లేదని పార్లమెంటులో చెప్పినదాని పేరు చెప్పి ఓట్లు అడిగారు. ఆ పేరు పలకకుండా చట్టం చేశారు.

కేరళ హదియా సంగతి మరిచిపోయారా? ఇరవై నాలుగేళ్ల వయసు. హోమియో వైద్యం చదువుతున్న మనిషి. తన ఇష్టంతో మతం మారింది, తన ఇష్టంతో నికా చేసుకుంది. 2017 మేలో హైకోర్టు ఆ నికాను కొట్టేసి ఆమెను తండ్రి ఇంటికి పంపింది. ఆగస్టులో ఇద్దరెట్లా కలిశారో తేల్చమని సుప్రీంకోర్టు ఎన్‌ఐఏకు అప్పజెప్పింది. బాంబు పేలుళ్లు విచారించే సంస్థకు ఒక పెళ్లి అప్పజెప్పారు! 2018 మార్చి 8న గాని ఆ నికా చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు రాలేదు. మహిళా దినోత్సవం రోజున ఒక ఆడమనిషికి తన మొగుడు తనకు దక్కాడు. దానికి మనమందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టాల్సిన సంగతేనా అది?

ఇంతవరకు చదివి మా సెక్యులర్ మిత్రులు తల ఊపుతూ ఉంటారు. ఇప్పుడు మీతోనే మాట్లాడాలి.

మీకు మా మొహబ్బత్ ఇష్టమే, కాదనం. అయితే అది మీకు పనికొచ్చినప్పుడే ఇష్టం. ఒకవైపు హిందువు, ఇంకోవైపు ముస్లిం ఉండాలి. అప్పుడది జాతీయ సమైక్యత. స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారు. నర్గీస్, సునీల్ దత్ పెళ్లి మీకు ఎంత ముచ్చట! 'మదర్ ఇండియా' సెట్టులో మంటలంటుకుంటే తెర మీద కొడుకు వేషం వేసినతను తల్లి వేషం వేసినామెను కాపాడాడు. మరుసటేడు, 1958లో, పెళ్లి చేసుకున్నారు. మంచి కథే. మాకూ ఇష్టమే. కానీ ఆ ఇద్దరూ ఒకరికొకరు నచ్చి చేసుకున్నారు గాని దేశాన్ని అతికించడానికి చేసుకోలేదు. మా పిల్లలు మీ దేశానికి జిగురు కాదు.

సినిమా ఇంకో అడుగు ముందుకేసింది. 1995లో 'బొంబాయి' వచ్చినప్పుడు థియేటర్ల ముందు మా మీద కేకలు వేసినవాళ్లున్నారు, మాలోంచి కేకలు వేసినవాళ్లున్నారు. ఆ గొడవ పక్కన పెట్టండి. కథానాయకుడు ఆమెను ఎట్లా చూశాడు? గాలికి బురఖా ముసుగు లేచింది, మొహం కనపడింది, ప్రేమ పుట్టింది. మా ఆడపిల్లకు మొహం ఉందని తెలియడానికి గాలి రావాలి. ఆమె తనంతట తాను చూడదా? తనంతట తాను నవ్వదా? మీకు నచ్చే కథలో పిల్ల ఎప్పుడూ మాదే ఎందుకవుతుంది, పిల్లవాడు ఎప్పుడూ మీవాడే ఎందుకవుతాడు? తిరగేసి తీస్తే టికెట్లు తెగవా, తెర తెగుతుందా?

ఇంకో సంగతి. ఇద్దరూ మావాళ్లే అయిన ప్రేమకథ మీకు అసలు కనపడదు. ముస్లిం ఇంట్లో పెళ్లంటే మీకు తెలిసింది బిర్యానీ, నలుగురు పెళ్లాలు, మూడు తలాక్‌లు. మా గల్లీలో ఒక పిల్ల మేడ మీద బట్టలు ఆరేస్తూ ఎదురింటి పిల్లవాడి కోసం ఆగిందంటే మీరు నమ్మరు. మాకు షరియత్ ఉందంటారు గాని గుండె ఉందని ఎవరూ అనరు. భాగమతి కోసం పొంగుతున్న మూసీలో గుర్రాన్ని దూకించిన షహజాదా కథ చెప్పి హైదరాబాదుకు టూరిస్టులను పిలుస్తారు. భాగమతి నిజంగా ఉందా లేదా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. ఉందో లేదో తెలియని భాగమతి మీకు కావాలి. ఉన్న షౌకత్ ఖానమ్ మీకు తెలియదు.

షౌకత్ మా ఊరి పిల్ల. హైదరాబాదు సున్నీ ఖాన్‌దాన్. 1947లో నిజాం రాజ్యం ఇంకా ఉండగానే నగరంలో ముషాయిరా జరిగింది. బొంబాయి నుంచి అభ్యుదయ కవులు వచ్చారు. వాళ్లలో ఆజంగఢ్ జిల్లా మిజ్వాఁ నుంచి పోయి కమ్యూనిస్టు పార్టీలో పనిచేస్తున్న కైఫీ ఆజ్మీ ఒకడు. ముషాయిరా అయ్యాక ఆడపిల్లలంతా ఆటోగ్రాఫుల కోసం కైఫీ చుట్టూ మూగారు. షౌకత్‌కు పౌరుషం. ఆయన వైపు ఒక చూపు చూసి, తిన్నగా అలీ సర్దార్ జాఫ్రీ దగ్గరికి పోయి తన పుస్తకం చాపింది. తర్వాత కైఫీకి ఇస్తే ఆయన అర్థం పర్థం లేని షేర్ ఒకటి గీకి ఇచ్చాడు. ఇంత చెత్త షేర్ ఎందుకు రాశారని మెట్ల మీద నిలేసింది. మీరు ముందు జాఫ్రీ సాబ్ దగ్గరికెందుకు పోయారని ఆయన ఎదురడిగాడు. అంతే. గాలీ రాలేదు, ముసుగూ లేవలేదు. ఒక ఆడపిల్ల మగవాణ్ణి నిలదీసింది, అతను దొరికిపోయాడు.

షౌకత్‌కు అప్పటికే ఇంట్లో వేరే సంబంధం అనుకున్నారు. పైగా ఆయన షియా, ఈమె సున్నీ. పైగా చేతిలో పైసా లేని పార్టీ మనిషి. ఇంట్లో అందరూ కాదన్నారు. కైఫీ నెత్తుటితో ఉత్తరం రాశాడు. అది తండ్రి కంట పడింది. ఇప్పుడైతే ఆ ఉత్తరం పట్టుకుని ఎవరు ఎవరి మీద కేసు పెట్టేవాళ్లో! ఆ తండ్రి నవ్వాడు. కవులింతే బేటా, మేకనెత్తురై ఉంటుందన్నాడు. అట్లా అని కూతుర్ని గదిలో పెట్టి తాళం వెయ్యలేదు. ఆమెను వెంటబెట్టుకుని బొంబాయి పోయాడు. ఆ మనిషి ఎట్లా బతుకుతున్నాడో కళ్లారా చూపించాడు. చూశావు గదా, ఇప్పుడు చెప్పు అన్నాడు. ఆయన మట్టి తట్టలు మోసే కూలీ అయినా ఆయన్నే చేసుకుంటానంది షౌకత్. 1947 మేలో సజ్జాద్ జహీర్ ఇంట్లో నికా అయింది. షియా సున్నీ పేచీని దోస్తులే సర్దేశారు.

ఇదంతా మాకెట్లా తెలుసంటే ఎవరో విచారణ చేసి తేల్చలేదు. షౌకత్ కైఫీ స్వయంగా 'యాద్ కీ రహ్‌గుజర్' అని ఉర్దూలో పుస్తకం రాసుకున్నారు. నాటకాల్లో వేశారు, 'గర్మ్ హవా'లో, 'ఉమ్రావ్ జాన్'లో వేశారు, షబానాను కన్నారు, 2019లో పోయారు. తన మొహబ్బత్ తన నోటితో చెప్పుకుని పోయిన హైదరాబాదీ ఔరత్. ఆ కథలో దేశాన్ని కలపడం లేదు, మతాన్ని గెలిపించడం లేదు. ఇద్దరు మనుషులున్నారు, ఒక మంచి తండ్రి ఉన్నాడు. మేం అడిగేది ఇదే. మా ప్రేమకు మీ అనుమానం అక్కర్లేదు, మీ శాలువా కూడా అక్కర్లేదు. మా కథ మా నోటితో చెప్పనివ్వండి.

ఇక మిగిలింది మావాళ్లు. ఇల్లు చక్కదిద్దుకోకుండా వీధిలో అరిస్తే మా గొంతుకు విలువుండదు.

2022 మే 4 రాత్రి సరూర్‌నగర్ నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి పొడిచి చంపారు. అతను చేసిన తప్పు మా బిరాదరీ పిల్లను చేసుకోవడం. చదువుకునే రోజుల నుంచి ఇద్దరికీ పరిచయం. చంపింది ఆ పిల్ల సొంత అన్నేనని పోలీసుల కేసు. ఆ పిల్ల మొగుడి మీద పడి అడ్డుకుంటూ, కాపాడండని చుట్టూ ఉన్నవాళ్లను బతిమాలుతుంటే జనం ఫోన్లు తీసి వీడియో పట్టారు. అసదుద్దీన్ ఒవైసీ గారు అది రాజ్యాంగం ప్రకారం నేరం, ఇస్లాం ప్రకారం మహాపాపం అని బహిరంగ సభలోనే ఖండించారు. మంచిదే. కానీ మా గల్లీ అరుగుల మీద 'ఖండిస్తున్నాం' తర్వాత వినపడే 'లేకిన్' ఉంది చూశారూ, ఆ 'లేకిన్' మీదే మా కొట్లాట.

లేకిన్ షరియత్ ఒప్పుకోదు గదా అంటారు. ఒప్పుకోకపోతే నికా చదవకండి. అక్కడితో ఖాజీ పని అయిపోయింది. కత్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ ఆయత్‌లోంచి వచ్చింది? అది ఇజ్జత్‌లోంచి వచ్చింది. ఆ ఇజ్జత్ మా దీన్‌ది కాదు, ఈ నేలది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య పక్కనే ఆసుపత్రి ముందర దళిత అల్లుణ్ణి నరికించిన మామ కూడా ఇజ్జత్ మాటే చెప్పాడు, పరువు అన్నాడు. ఆ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అక్కడ మామది ఒక మతం, ఇక్కడ బావమరిదిది ఇంకో మతం. రెండు చోట్లా చచ్చింది దళితుడు. దళితులతో భుజం కలిపి నడుస్తామని సభల్లో చెప్పుకునే మేం ఈ లెక్క చూసుకోకపోతే ఆ భుజాలకు అర్థం లేదు.

మా పెద్దలకు ఒక మాట గుర్తుచేస్తాం. దీన్‌లో మొదటి జంట ఎట్లా కలిసింది? హజ్రత్ ఖదీజా మక్కాలో పెద్ద వ్యాపారస్తురాలు, వితంతువు, వయసులో పెద్ద. తన సరుకు షామ్‌కు తీసుకుపోయి అమ్ముకొచ్చిన మనిషి నిజాయితీ నచ్చింది. నఫీసా అనే ఆమె ద్వారా పెళ్లి మాట తనే కదిపింది. అడిగింది ఆడమనిషి! తండ్రి తనను అడగకుండా నికా చేశాడని ఖన్సా వచ్చి చెప్పుకుంటే ప్రవక్త ఆ నికాను కొట్టేశారు. ఇవి జుమ్మా ఖుత్బాలో ఎందుకు వినపడవు? నికా నాడు పిల్లను 'ఖుబూల్ హై?' అని అడుగుతాం. గదినిండా ఆడవాళ్లు, తల మీద ఎర్ర దుపట్టా, బయట వండిన దేగ్‌లు, చెల్లించేసిన ఫంక్షన్ హాలు అద్దె. అప్పుడా అడిగేది? రజామందీ అడగాల్సింది సంబంధం చూడకముందు.

పైగా మసీదులో భుజానికి భుజం ఆనించి ఒకే సఫ్‌లో నిలబడతాం. సలాం తిప్పి బయటికొచ్చాక సయ్యద్ సయ్యదే, దూదేకుల దూదేకులే. దూదేకుల పిల్లవాడు సయ్యదుల పిల్లను ఇష్టపడితే 'కుఫూ' అని కొత్త గోడ లేపుతాం. ఇద్దరూ కలిమా చదివినవాళ్లే గదా, ఇప్పుడేమడ్డం? షరియత్ ప్రకారం మహర్ ఇవ్వాల్సింది పెళ్లికొడుకు. మన దగ్గర జోడే కీ రకం ముందు ఇచ్చుకునేది పిల్ల తండ్రి. ఆ రకం జమచెయ్యలేక ఎన్ని ఇళ్లల్లో ఎన్ని మొహబ్బత్‌లు నోరు తెరవకుండానే పోయాయో, వాటి మీద ఏ ఛానలూ చర్చ పెట్టదు, ఏ జమాతూ జల్సా పెట్టదు.

కాబట్టి మా మాట ముగ్గురికీ చెప్తున్నాం. సర్కారుకు చెప్పేది: పద్దెనిమిది నిండిన పిల్ల, ఇరవై ఒకటి నిండిన పిల్లవాడు సంతకం పెడతామని వస్తే సంతకం పెట్టించుకోండి. ఎట్లా కలిశారో మీకక్కర్లేదు. ఆ నోటీసు గోడ మీంచి తియ్యండి. కొట్టడానికి వచ్చేవాళ్ల నుంచి కాపాడండి, అంతే మీ పని. సెక్యులర్ మిత్రులకు చెప్పేది: మమ్మల్ని ఉదాహరణలుగా వాడుకోవడం మానండి. మా జంటలకు అద్దె ఇల్లు దొరకనప్పుడు, వాళ్లు పోలీసు స్టేషన్ మెట్ల మీద రాత్రంతా కూచున్నప్పుడు పక్కన వచ్చి కూచోండి. శాలువా కంటే ఒక గది ఎక్కువ పనికొస్తుంది. మావాళ్లకు చెప్పేది: షౌకత్ తండ్రిలాగా పిల్ల చెయ్యి పట్టుకుని పోయి, ఆ పిల్లవాడు ఎట్లా బతుకుతున్నాడో చూడండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఏడవండి, అలగండి, మాట్లాడటం మానేయండి. తాళం వెయ్యకండి. కత్తి తియ్యకండి.

మా పిల్లలు ప్రేమిస్తూనే ఉంటారు. మెహదీపట్నం బస్టాపులో, కర్నూలు కాలేజీలో, గుంటూరు మిర్చి యార్డు పక్క టీ కొట్టు దగ్గర, దుబాయిలో నర్సుల హాస్టల్ గేటు బయట. వాళ్లను ఎట్లా కలిశారని అడగాలనిపిస్తే అడగండి. కుర్చీ వేసి, చాయ్ పోసి, నవ్వుతూ అడగండి. వాళ్లే చెప్తారు.